ఎలుకలు దూరని గది

రెండు నెలలుగా ముఖం చాటేసిన వాన రాత్రి దంచి కొట్టింది. కుందుర్పి దగ్గరున్న ఆ ఊళ్ళో తెల్లారకముందే అందరూ విత్తడానికి చేల మీద పడ్డారు. మహేశ్వరి మాత్రం తన ఇంట్లోనే మూసిన తలుపు ముందు కట్టేసినట్టు నిలబడింది. లోపల బెంగళూరు నుంచి వచ్చిన దంపతులు నిద్రపోతున్నారు. వాళ్ళ మంచం కిందే వేరుశనగ విత్తనాల మూటలున్నాయి. ఆ ఇంట్లో ఎలుకలు దూరని గది అదొక్కటే మరి. నిన్న సాయంత్రం ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు, అందుకే మూటలు ముందే బయట పెట్టుకోలేదు.

పల్లెలో బస చేస్తే మీకు విశ్రాంతి, ఊరికి మేలు అని చెప్పి వాళ్ళను పంపిన కంపెనీ, అతిథులు లేచేదాకా తలుపు తట్టకూడదని షరతు పెట్టింది. తడితే ఇంకెవరినీ పంపదట.

భర్త యేసన్న చేను నుంచి పరిగెత్తుకొచ్చాడు. "ట్రాక్టరు వచ్చి నిలబడిండాది. ఇత్తనాలు తేలేదేమే?" అన్నాడు గొంతు తగ్గించి.

"మంచి గది ఇద్దామన్నది నువ్వే కదా. పోయి తట్టు."

యేసన్న చెయ్యెత్తాడు. మళ్ళీ దించేశాడు.

ట్రాక్టరు పక్క చేనికి వెళ్ళిపోయింది. మళ్ళీ వాళ్ళ వంతు మూడోనాడు. అప్పటికి నేలలో పదును ఆరిపోతుంది.

పది గంటలకు తలుపు తెరుచుకుంది. బెంగళూరు నుంచి వచ్చిన హరిత ఒళ్ళు విరుచుకుంటూ బయటికొచ్చి నవ్వింది. "ఎన్నేళ్ళకో ఇంత హాయిగా పడుకున్నాం! ఈ రోజు మీతో కలిసి విత్తనాలు వేయాలని ప్లాన్ చేసుకున్నాం. ఎప్పుడు వెళ్దాం?"

"ఇత్తేది అయిపాయమ్మా," అంది మహేశ్వరి. "మీరు లేచేలోపలే. కాఫీ తాగండి."