పదో పన మీద పచ్చకొమ్మ

మధ్యాహ్నం దాటినా చర్చి అయ్యగారి బండి రాలేదు. పొలం గేటు బయట ఆడవాళ్ళు పొద్దుటినుంచీ కూర్చునే ఉన్నారు. చంకలో పచ్చకొమ్మల మోపుతో జాబెజ్ థర్టిల్ గేటుకు ఆనుకుని నిలబడ్డాడు. వాళ్ళ మొహాలు చూడలేక మబ్బుల్ని చూస్తున్నాడు. సముద్రం వైపునుంచి నల్లగా కమ్ముకొస్తున్నాయి.

పొలం ఆసామి క్యూబిట్ తన గోధుమ పనలు ఇంటికి తోలుకుని నాలుగు రోజులైంది. పొలంలో మిగిలినవి చర్చికి చెల్లాల్సిన పదో పనలే. ప్రతిదాని నెత్తినా జాబెజ్ గుచ్చిన కొమ్మ ఉంది. ఆకులు అప్పుడే వాడి ముడుచుకున్నాయి. కొమ్మ ఉన్న పన దేవుడిది. దేవుడి వంతు గేటు దాటేదాకా, కోతలో రాలిన పరిగె ఏరడానికి ఎవరూ లోపల అడుగు పెట్టకూడదు. అది సాల్ట్‌మేర్ ఊరి కట్టు. కాకులకు కట్టుబాట్లు లేవు కనుక అవి మాత్రం నాలుగు రోజులుగా వెన్నులు ఏరుకు తింటున్నాయి.

"ఏం ఆమేన్ మావా, దేవుడికి ఆకలి లేనట్టుంది," అంది డైనా. "పోనీ ఆయన వంతు కూడా మేమే తినిపెట్టమంటావా?"

ఆడవాళ్ళు నవ్వారు. జాబెజ్‌ను ఊరంతా ఆ పేరుతోనే పిలుస్తుంది. అతను చర్చి గుమస్తా. వేదిక మూడంతస్తులు. పై అంతస్తులో అయ్యగారి ప్రసంగం, మధ్యలో ప్రార్థన, అడుగున జాబెజ్. అయ్యగారు ప్రార్థన ముగించగానే ఊరందరి బదులూ ఆమేన్ అనడం అతని పని. పంట కాలంలో పదో పన లెక్కపెట్టి కొమ్మ గుచ్చడం కూడా అతని పనే. రెంటికీ కలిపి ఏడాదికి ఆరు పౌన్లు, స్మశానం పక్కన ఓ గుడిసె.

ఆ పొద్దున పోలార్డ్ అయ్యగారు అతన్ని పిలిపించి ఇంకో పని అప్పజెప్పారు. క్యూబిట్ తనమీద కసితో కావాలనే పనలు వదులుగా కట్టించాడనీ, నేలమీద దంతె కూడా వేయించకుండా వెన్నులు వదిలేశాడనీ, పన కట్టకపోతే పదో వంతు పోదనుకున్నాడనీ అన్నారు. రాలింది రాలితే అది పేదలది, కావాలని రాల్చింది మాత్రం పంట కిందే లెక్క అని లాయరు చెప్పాడట. కాబట్టి పరిగె కట్టల్లోనూ పదోది చర్చికే రావాలి.

జాబెజ్ "అలాగేనండి" అన్నాడు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. క్యూబిట్ వదిలింది కసితోనే, కనికరంతో కాదు. ఆబోతులు కొట్లాడుకుంటే లేగల కాళ్ళు విరిగినట్టు, ఇప్పుడు గేటు బయట కూర్చున్నవాళ్ళు విరగాలి. అయినా అయ్యగారికి ఎదురు చెప్పడానికి అతనికి నోరు రాలేదు. అతని భార్య సుసానా మంచాన ఉన్న చలికాలంలో ఆయన తన ఇంటి ద్రాక్షసారా సీసా స్వయంగా కోటు కింద దాచుకుని మంచులో నడిచి తెచ్చారు. ఆ సీసా ఇప్పటికీ కిటికీలో ఉంది.

పరిగెలో పదో కట్ట సంగతి ఆడవాళ్ళకు పొద్దున్నే చెప్పవలసింది. చెబుదామనుకుని, బండి వచ్చాక చెబుదామనుకున్నాడు. బండి వచ్చింది. బండివాడు స్నెల్లింగ్ తాపీగా పనలు ఎక్కించుకుని గేటు దాటాడో లేదో ఆడవాళ్ళు వరదలా లోపలికి దూసుకుపోయారు. ఆ ఉత్సాహం చూశాక, సాయంత్రం చెబుదాంలే అనుకున్నాడు.

ఆ ఏడు పరిగె నిజంగానే బాగా దొరికింది. నార్ఫోక్ జిల్లా అంతటా రొట్టె ధర మండిపోతున్న రోజులవి. వారమంతా ఒళ్ళు వంచిన కూలీకి తొమ్మిది షిల్లింగులు వస్తే నాలుగు పౌన్ల బరువు రొట్టె పది పెన్నీలు పలుకుతోంది. పరిగె దొరికిన ఇంట్లో క్రిస్మస్ దాటేదాకా పిండి కొనక్కర్లేదు. కెజాయా వంగిన నడుం ఎత్తకుండా ఏరుతోంది. ఆమె భర్త మొన్న చలికాలం బండి మీదినుంచి పడి చనిపోయాడు. ఊరి ధర్మం కింద వారానికి రెండు షిల్లింగులిస్తారు. ఇద్దరు ఆడపిల్లలూ ఆమె వెనకే నడుస్తూ ఒక్కో వెన్నూ ఏరి తల్లి గౌనుకు కట్టిన సంచిలో వేస్తున్నారు. చిన్నది వెన్ను దొరికినప్పుడల్లా "ఆమేన్" అంటోంది. మంచి జరిగితే అనే మాట అనుకుంది కాబోలు.

సుసానా చనిపోయిన రాత్రి ఆమె ప్రేతవస్త్రం కుట్టింది కెజాయాయే. సొంత ఇంట్లో దీపానికి కొవ్వు లేక జాబెజ్ పొయ్యి వెలుగులో కూర్చుని కుట్టింది. కూలి ఇవ్వబోతే, "వదినకు కుట్టింది నీకు అమ్ముతానా అన్నయ్యా," అంది.

సాయంత్రం పరిగె ఆపమనే గంట మోగింది. ఆడవాళ్ళు కట్టలు కట్టుకుని కంచె వెంబడి వరసగా పెట్టి, గౌన్లు దులుపుకుంటున్నారు. స్నెల్లింగ్ ఖాళీ బండితో మళ్ళీ వచ్చి గేటుకు అడ్డంగా నిలిపాడు. అప్పుడు చెప్పాడు జాబెజ్. నేలను చూస్తూ చెప్పాడు.



"పొద్దుటినుంచీ ఆ కొమ్మలు చంకలో పెట్టుకున్నావు," అంది డైనా. "ఈగలు తోలుకోడానికనుకున్నాను."

జాబెజ్ బెత్తం పట్టుకుని వరస మొదలుపెట్టాడు. ఒక్కో కట్టనూ బెత్తంతో తాకుతూ నడిచాడు. గొర్రెల్ని లెక్కించేటప్పుడు కోల కిందనుంచి దాటే పదోది దేవుడిదని మోషే ధర్మశాస్త్రం. మంచిదా, బక్కదా అని చూడకూడదు. మొదటి పదోది వడ్రంగి భార్యకు తగిలింది. ఆమె బోలెడు ఏరింది, ఏమీ అనలేదు. కొమ్మ గుచ్చి ముందుకు నడిచాడు. ఇంకా నాలుగు కట్టల దూరంలో ఉండగానే రెండో పదోది ఎక్కడ పడుతుందో అతనికి కనబడింది. కెజాయాకు ఉన్నవే మూడు. వాటిలో పెద్దది, పిల్లలు ఎర్రటి గసగసాల పువ్వు ఒకటి దోపి ముచ్చటపడ్డది, సరిగ్గా అక్కడ ఉంది.

అతని అడుగు తడబడింది. ఆ తడబాటు డైనా చూసింది. ఆమె కట్టలు కెజాయా కట్టల తర్వాత ఉన్నాయి. చెంగున వచ్చి, తన కట్ట ఒకటి కాలితో నెట్టి కెజాయా పువ్వు కట్టకు ముందు పెట్టింది.

"లెక్క తప్పావు మావా. ఇది చూడలేదు నువ్వు."

పదోది ఇప్పుడు డైనాది. ఆమె ఇంట్లో తినే నోళ్ళు ఏడు. జాబెజ్ దానిమీద కొమ్మ గుచ్చాడు. ఆ ఆడదాని ముందు మోకరిల్లాలనిపించింది అతనికి. చర్చిలో ఎప్పుడూ అలా అనిపించలేదు.

బండి మీదినుంచి స్నెల్లింగ్ నవ్వాడు. వాడు దుర్మార్గుడు కాడు, పొద్దుపోవడానికి మాటలాడే మనిషి.

"కట్ట మార్చారు, నేను చూశాను. పదోదాన్ని మారిస్తే అదీ దేవుడిదే, బదులు పెట్టిందీ దేవుడిదే. అలా రాసి లేదూ గ్రంథంలో? నువ్వు చెప్పు ఆమేన్ మావా, చదువుకున్నోడివి."

వాడు అడిగింది హాస్యానికే. జాబెజ్ "లేదు" అంటే, "ఏమో, నాకు గుర్తులేదు" అన్నా, నవ్వేసి బండి తోలుకుపోయేవాడు. కానీ పైనుంచి మాట వినబడగానే కింద ఒప్పుకోవడం జాబెజ్ నోటికి ముప్పై ఏళ్ళ అలవాటు.

"ఉంది," అన్నాడు.

అన్న తర్వాత తెలిసింది ఏమన్నాడో. స్నెల్లింగ్ నవ్వు ఆగిపోయింది. ఇక వాడికీ దారిలేదు, అంతమంది విన్నారు. దిగి వచ్చి డైనా కట్టా, కెజాయా కట్టా రెండూ బండిలో వేశాడు. పువ్వు జారి నేలమీద పడింది. చిన్నపిల్ల దాన్ని తీసుకుంది.

డైనా తిడుతుందనుకున్నాడు జాబెజ్. తిడితే బాగుండును. ఆమె తన మిగతా కట్టలు తలకెత్తుకుని వెళ్ళిపోయింది. కెజాయా మాత్రం దగ్గరికొచ్చి, అతని కోటు మీద అంటుకున్న ఆకు తీసి పారేసింది.

"పొద్దుటినుంచీ ఏమీ తిన్నట్టు లేవు అన్నయ్యా. ఇంటికెళ్ళు."

ఆ మాట అతన్ని ఇంటిదాకా తరిమింది. పొయ్యి వెలిగించలేదు. ఆ గ్రంథంలోనే ఇంకోచోట ఏముందో అతనికి తెలుసు. మూడో ఏటి పదో వంతు ఊళ్ళోనే ఉంచాలి, పరదేశీ, తండ్రిలేని పిల్లలూ, విధవరాలూ వచ్చి కడుపునిండా తినాలి. రాలిన పరిగె పొలం ఆసామి ఏరుకోకూడదు, అది పేదలకు విడిచిపెట్టాలి. ఇవన్నీ తెలుసు. అయ్యగారి గదిలో నిలబడ్డప్పుడూ తెలుసు, గేటు దగ్గరా తెలుసు. తెలిసినవాటిలో ఒక్కటే నోటికొచ్చింది, విధవరాలి కట్ట బండెక్కించేది. కిటికీలోని సీసాను గోడవైపు తిప్పి పెట్టాడు. తిప్పినందుకూ సిగ్గేసింది.

మర్నాడు ఆదివారం. రాత్రి కురవకుండా ఆగిన వాన ఇంకా పైనే ఉంది. చర్చి నిండింది. డైనా వెనక బల్లమీద, కెజాయా పిల్లలతో స్తంభం పక్కన. అయ్యగారు మలాకీ ప్రవచనం తీసి, మనుష్యుడు దేవుణ్ణి దోచుకోవచ్చునా అని అడిగారు. పదో వంతంతా ఆయన కొట్లోకి తెచ్చి చూడండి, ఆకాశపు తూములు విప్పి దీవెనలు కుమ్మరిస్తాడు అన్నారు. ఆ మాటలు ఆయన క్యూబిట్ కూర్చున్న బల్లవైపు చూసి అన్నారు. క్యూబిట్ చేతికర్ర పిడి తుడుచుకుంటున్నాడు. దోచుకున్న దోషం మాత్రం వెనక బల్లలవాళ్ళ నెత్తిన కూర్చుంది. వాళ్ళే తలలు వంచుకున్నారు.

అయ్యగారు చేతులెత్తి ప్రార్థించారు. ఈ ఊరు నీకు చెల్లించినదాన్ని అంగీకరించుమని ముగించి ఆగారు.

జాబెజ్ నోరు తెరిచాడు. మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది. నిన్న గేటు దగ్గర "ఉంది" అన్న మాట కూడా ఇలాగే వచ్చింది, ఇంతే తేలిగ్గా. అతను నోరు మూసుకున్నాడు.

ముసలాడు కునికాడేమోనని ముందు బల్లవాళ్ళు తొంగి చూశారు. పైనుంచి అయ్యగారు చిన్నగా దగ్గారు. "జాబెజ్," అన్నారు మెల్లగా, ఆ సారా సీసా తెచ్చిన రోజున పిలిచినంత మెత్తగానే. తర్వాత చివరి వాక్యం మళ్ళీ మొదటినుంచి చెప్పి, మళ్ళీ ఆగారు.

ఎవరూ పలకలేదు. ఆ మాట తామే అనవచ్చునని ఊరికి తెలియదు, ఎప్పుడూ అనవలసి రాలేదు. స్తంభం పక్కన కెజాయా చిన్నకూతురు, చేతిలో వాడిన గసగసాల పువ్వుతో, అటూ ఇటూ చూసింది. అనవలసిన మాటేదో దానికి తెలుసు. అనడానికి నోరు తెరిచింది.

కెజాయా ఆ నోటిమీద మెత్తగా తన చెయ్యి ఉంచింది.