ఎనభై ఎనిమిది డిగ్రీలు

నాకు కోపం ఎక్కువ. కోర్టు నకళ్ల విభాగంలో పాతికేళ్లు పనిచేస్తే దేవుడికైనా వస్తుంది. ఆదివారం పొద్దున్నే నన్ను లేపే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. అలాంటివాణ్ని, ఈ చలికాలమంతా ఆరింటికల్లా ఫ్లాస్కులో చాయ్ పోసుకుని యాకుత్‌పురా నుంచి మీరాలం చెరువుకు పరుగెత్తాను. రాజరాజేశ్వరి గారి కోసం.

ఆమెది కాకినాడ. ఇక్కడ ప్రభుత్వోద్యోగం, ఆపైన పక్షుల పిచ్చి. డిసెంబరులో ఆమె తీసిన ఫోటోలో ఒక పెద్ద నీటికాకికి నోటి మూల పసుపు చర్మం అంచు కోణం అరవై డిగ్రీలే వచ్చింది. మన చెరువుల్లో కనిపించే ఉపజాతికి అది డెబ్బై మూడు దాటాలి. అంత తక్కువ ఉండేది ఎక్కడో చలి సముద్రాల ఒడ్డున బతికే రకం. రెక్కలో ఈక విరిగిన ఆ పక్షి మళ్లీ కనబడితే ఇంకో ఫోటో తీసి పక్షి నిపుణులకు రిపోర్టు పంపాలని ఆమె పట్టుదల. అందుకే ప్రతి ఆదివారం వచ్చేవారు.

ఆ విరిగిన ఈక పక్షి నాకు జనవరిలోనే కనబడింది. ఆ పూట ఆమె ఇంకా రాలేదు. సరిగ్గా పక్కనుంచి ఫోటో తీశాను. ఇంటికెళ్లి మా అన్న కూతురు స్రవ్య కోణమానినితో కొలిస్తే ఎనభై ఎనిమిది. మామూలు రకమే. మొదటి ఫోటోలో పక్షి తల కాస్త కెమెరా వైపు తిరిగి ఉంది, అందుకే లెక్క తప్పింది. ఆ మాట చెబితే ఆమె ఇక రారు. ఐదు వారాలు నోరు మెదపలేదు. వారం మొత్తంలో నేను బతికేది ఆ రెండు గంటలే.

పోయిన ఆదివారం ఆమె, "కాకినాడకు బదిలీ ఇస్తామంటున్నారండీ. ఒప్పుకోమంటారా?" అని అడిగారు.

వద్దనాలనిపించింది. దాంతోపాటే పాడు కోపం.

"మీ ఇష్టం. నన్నెందుకు అడుగుడు?" అన్నాను.

ఈవేళ ఆమె రిపోర్టు రాసి తెచ్చారు. ఆ పాత ఫోటోతోనే పంపేస్తానన్నారు. పక్షుల సంగతి తెలిసినవాళ్లు చదివితే ఆమెను చూసి నవ్వుతారు. ఇక ఆగలేక నా ఫోను చేతికిచ్చాను. ఆమె కొలిచారు. విరిగిన ఈక చూశారు. తర్వాత తేదీ చూశారు.

"ఐదు వారాలైందా? ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్తే మీరు రారని."

ఆమె రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకున్నారు.

"మామూలు నీటికాకికైనా వచ్చేదాన్ని రామలింగం గారూ. అడగాల్సింది."

"ఇప్పుడు అడుగుతున్న. వచ్చే ఆదివారం వస్తరా?"

ఆమె సంచి భుజానికి తగిలించుకున్నారు.

"బదిలీకి మొన్ననే సంతకం పెట్టేశానండీ. గురువారం రైలు."