జోగారావు గారి రీచ్

నేను ఒక తెల్ల బిళ్ళను. జపాన్ వాళ్ళు ఆడే మాజాంగ్ ఆటలో నా పేరు హకు. ఒసాకాలో నన్ను ఎముకతో చేసి, వీపుకి వెదురు అతికించిన ముసలాయన నా తోటివాళ్ళ మీద చక్రాలూ అంకెలూ పిట్టలూ చెక్కాడు. నా వంతు వచ్చేసరికి ఉలి పక్కన పెట్టి టీ తాగాడు. నా మీద ఏమీ లేకపోవడమే నా గుర్తట. మనుషులు ఖాళీకి కూడా పేరు పెట్టి దానికోసం పోటీ పడగలరు. నాలాంటివాళ్ళం పెట్టెలో నలుగురం.

కోబే రేవులో సత్రం నడిపే ఒకావిడ, ఓడల ఇంజనీరు వెంపరాల జోగారావుకి ఆట నేర్పి, ఆయన తిరిగి వచ్చేటప్పుడు మా పెట్టెను చేతిలో పెట్టింది. అలా విశాఖపట్నంలో పెదవాల్తేరు చేరాను. ఉప్పుగాలికి నేను పసుపెక్కాను, ఆయన జుట్టు నెరిసింది. భార్య చంద్రకళకీ, పక్కవాటాలో ఉండే కృపారావు, ఎస్తేరు దంపతులకీ ఆయనే ఆట నేర్పాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురూ కూర్చునేవారు.

ఆట సంగతి కాస్త చెప్పనివ్వండి, లేకపోతే నా గోడు మీకు అర్థం కాదు. ఒక్కొక్కరి ముందు పదమూడు బిళ్ళలు నిలబడి ఉంటాయి, మొహాలు యజమాని వైపు. వంతు వచ్చినప్పుడు మధ్యలో బిళ్ళలు పేర్చిన గోడలోంచి ఒకటి తీసి, ఒకటి పారేయాలి. మూడేసి బిళ్ళల జట్లు నాలుగూ, ఒక జోడూ కుదిరితే గెలుపు. ఇంకొక్కటే తక్కువైతే "రీచ్" అనొచ్చు. అన్నాక చేయి, అంటే ముందున్న ఆ పదమూడు బిళ్ళలు, మార్చడానికి లేదు. ఎదుటివాళ్ళు పారేసిన బిళ్ళతో కుదిరితే "రోన్" అని పైకి చెప్పి, వరుసను ముందుకు తోసి చూపించాలి. గోడ అయిపోయినా రీచ్ అన్నవాడు చేయి చూపించి తీరాలి. జట్లు కుదరని ఒట్టి చేతితో రీచ్ అంటే పరువు పోయినట్టే.

జోగారావుకి మతిమరుపు వచ్చింది. భార్యని "అక్కా" అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ అక్క పోయి చాలా ఏళ్ళయింది. చంద్రకళ పలికేది, ఏం చేస్తుంది పాపం! ఆటలో ఆయన పొరపాట్లను అందరూ చూసీచూడనట్టు వదిలేసేవారు. ఒక మధ్యాహ్నం ఆయన చాలాసేపు నన్ను బొటనవేలితో తడిమి, పక్క బిళ్ళని పారేసి, తలెత్తి, "చంద్రా, రీచ్" అన్నాడు. ఆమె మొహం వెలిగిపోయింది. మరో మాట రాకముందే ఆయన కుర్చీలో తల వాల్చేశాడు.

ఆ బల్లని ఆమె ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. దుప్పటి కప్పేసింది. ఆ చీకట్లో మేమంతా నిలబడే ఉన్నాం. రోజూ మధ్యాహ్నం అయ్యేసరికి ఆయన కుర్చీ బరువెక్కేది. ఒక వేలు మమ్మల్ని వరసగా తడుముతూ వచ్చి నా దగ్గర ఆగేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు భయం వేసేది.

సంవత్సరీకం అయ్యాక ఎస్తేరు నచ్చజెప్పింది. "ఆట ముగించేద్దాం వదినా. ఎన్నాళ్ళిలాగ?"

"చెయ్యి ఒట్టిదైతేనో?" అంది చంద్రకళ. "మతిలేక రీచ్ అన్నారంటే, నన్ను పేరుపెట్టి పిలిచిందీ మతిలేకేగా?"

"తెలీకుండా ఎన్నాళ్ళుంటావమ్మా?" అన్నాడు కృపారావు.

దుప్పటి తీశారు. గోడ అయ్యేదాకా ఆయన చేయి చూడకూడదనుకున్నారు. భర్త వంతు కూడా చంద్రకళే తీసి, పారేస్తూ వచ్చింది. రీచ్ అన్నాక ఆట చచ్చినవాడైనా ఆడగలడు. ఆయన కోసం తీసిన ప్రతి బిళ్ళా ఆమె చేతికి వెచ్చగా తగిలేది.

గోడ అయిపోయింది. ఆఖరున పారేయాల్సింది చంద్రకళే. ఆమె దగ్గర నాలాంటి తెల్ల బిళ్ళ ఒకటి మొదటినుంచీ ఉంది. అంతవరకూ ఒక్క తెల్లదీ బయటపడలేదు. ఆయన దేనికోసమైనా చూస్తూంటే దీనికోసమే అయుండాలని ఆమెకి తోచింది. దాన్నే బల్ల మీద పెట్టింది.

ఫ్యాను ఆపి ఉంది. కిటికీలు మూసి ఉన్నాయి. పదమూడుమందిమీ ఒక్కసారిగా ముందుకి పడ్డాం.

కృపారావు వంగి చూశాడు. నాలుగు జట్లు, పక్కన జోడులేని నేను. "నిజం చెయ్యేనమ్మా," అన్నాడు.

"రోన్ అని నోటితో అనాలి కదండీ," ఎస్తేరు భయంభయంగా గొణిగింది.

"చెప్పాల్సింది ఆవేళే చెప్పేరు," అంది చంద్రకళ. ఏడుస్తూనే నవ్వుతోంది. తను వేసిన బిళ్ళని తెచ్చి నా పక్కన ఆనించింది. తర్వాత ఎదుటి కుర్చీ వైపు చూసి, "ఇంక లేవండి. ఆట అయిపోయింది," అంది.

కుర్చీ కిర్రుమని వెనక్కి జరిగింది.