ఆ ఒక్కాయన కోసం

"కోర్టు మీ ఆయన్ని హాజరు పరచమంటుందమ్మా" అని లాయరు పద్మనాభం గారు అన్న రోజు నుంచీ మా అత్తమ్మ జ్ఞానమణికి ఒకటే నమ్మకం, విచారణ రోజున కొడుకును కోర్టుకు పట్టుకొస్తారని. వస్తే ఆకలి మీద ఉంటాడని ఆ రోజు తెల్లారకముందే లేచి పప్పు, గోంగూర వండి టిఫిన్ క్యారియర్ సర్దింది. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి సంచిలో పెట్టింది. అట్లా జరగదని చెప్పబోయి ఊరుకున్నాను. ఆ ఆశ నాకూ ఉంది మరి.

నా భర్త దేవానందం రైల్వే ఆఫీసులో గుమస్తా. యూనియన్ మీటింగుల్లో ఆయన నోరు ఊరుకునేది కాదు. ఎమర్జెన్సీ పెట్టిన కొత్తలోనే మెట్టుగూడలో మా క్వార్టర్‌కు వచ్చి పోలీసులు తీసుకుపోయారు. ఎందుకో చెప్పలేదు. ఏ జైలు గేటు దగ్గరికి పోయి అడిగినా ఇక్కడ లేడనే అన్నారు. చర్చిలో జబ్బు పడ్డవాళ్ల పేర్లు, పరీక్షలు రాసే పిల్లల పేర్లు ప్రార్థనలో చదివే సంఘపెద్ద అబ్రహాం గారు మా ఆయన పేరు దగ్గరికి వచ్చేసరికి దగ్గి దాటేసేవారు. కొన్నాళ్లకు ఆ దగ్గు కూడా మానేశారు. నాకు ఒళ్లు మండిపోయేది. దేవుడి దగ్గర కూడా పోలీసులు కాపలా ఉంటారా?

ఇక మాకు మిగిలింది హైకోర్టు. ఈ మనిషిని ఎందుకు పట్టుకున్నారు, ఏడీ చూపించండి అని ప్రభుత్వాన్ని నిలదీయగలిగేది కోర్టేనని పద్మనాభం గారు చెప్పారు. డెబ్బై ఆరు ఏప్రిల్ చివర్లో, మండే ఎండలో, అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి నయాపుల్ దాటి పోయాం.

వరండాలో మేం చాలాసేపు నిలబడ్డాక పద్మనాభం గారు బయటికి వచ్చారు. మా మొహాలు చూడలేకపోయారు.

"ఢిల్లీలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిందమ్మా. ఎమర్జెన్సీ ఉన్నన్నాళ్లూ ఇలాంటి అర్జీలు ఏ కోర్టూ వినకూడదట. మనది కూడా కొట్టేశారు."

"విడిచిపెట్టుమని అడుగుతలేను సార్" అంది అత్తమ్మ. "పాణంతో ఉన్నడా లేడా, అది జెర అడగుమనున్రి."

"అదీ అడగడానికి లేదమ్మా."

నాకు కోపం ఆగలేదు. "మరి గీ బిల్డింగు ఎందుకు సార్? ఇన్ని గుమ్మటాలు, ఇన్ని నల్లకోట్లు ఎందుకు? తాళమేసుకొని పోన్రి!" అని అరిచాను. కానిస్టేబుళ్లు ఇటు తిరిగారు.

"ఎందరు జడ్జీలు చెప్పిన్రు?" అంది అత్తమ్మ.

"ఐదుగురమ్మా."

"ఐదుగురు అదే మాటన్నరా?"

"ఒకాయన కాదన్నారు. కానీ నలుగురి మాటే చెల్లుతుంది."

ఇల్లు చేరేసరికి ఎండకు పప్పు పులిసిపోయింది. పారబోస్తానంటే అత్తమ్మ చాలాసేపు క్యారియర్ ఇవ్వలేదు.

ఆదివారం చర్చిలో అబ్రహాం గారు పేర్లు చదవడం ముగించి, "ఇంకెవరికైనా ప్రార్థన అవసరతలున్నాయా?" అని అడిగారు. అత్తమ్మ లేచింది. ఇన్నాళ్లకు అందరి ముందూ కొడుకు పేరు చెప్తుందనుకున్నాను.

"ఢిల్లీల ఐదుగురు జడ్జీలు కూసుంటే, ఒకాయన కాదన్నడంట. ఆయన పేరు నాకు తెల్వది. ఆయన మనసు మారకుండ ప్రార్థన చేయున్రి."

అబ్రహాం గారు గబగబా పాటల పుస్తకం తెరిచారు. ఒక్కరు కూడా ఆమెన్ అనలేదు. నేనూ అనలేదు.

ఇంటికి పోయే దారిలో నోరు చేసుకున్నాను. "సొంత కొడుకు పేరెత్తనీకె నోరు రాలేదా అత్తమ్మా? ఆ జడ్జి మనకేమైతడు? ఆయన కాదంటే నీ కొడుకు ఇంటికొచ్చిండా?"

ఆమె చిలకలగూడ మలుపులో ఆగిపోయింది.

"వాడు లేకుంటే?" అంది.

పోలీసులు వచ్చిపోయినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరమూ అనని మాట అది.

"వాడు పాణంతోనే లేకుంటే, వాని పేరు మీద ఏమని అడగాలె బిడ్డా? ఎట్ల పోయిండని ఎన్నడన్న ఒక్కడు అడగాలె గద. ఆ అడిగేటోడన్న మిగలాలె."

చర్చిలో ఎవరూ అనని ఆమెన్ అక్కడే నిలబడి, నడిరోడ్డు మీద ఏడుస్తూ నేనన్నాను.