పొన్నంగి పిట్ట వెనక ఇల్లు

పాపాయి తెల్లవారకముందే లేచి పెరడు ఊడ్చి, నీళ్ళు చల్లి, బోరింగు దగ్గర అంట్లు ముందేసుకుని కూర్చునేది. గిన్నెల్లోంచి రాలిన మెతుకుల కోసం ముందు గోరింకలు వచ్చేవి. ఎండ కొంచెం ఎక్కాక జామచెట్టు మీదికి పికిలిపిట్టలు, అరటి పువ్వు దగ్గరికి తేనెపిట్టలు వచ్చేవి. ఎవరెవరు ఏ వేళకి వస్తారో ఆవిడకి తెలుసు. ఎనిమిది నెలలుగా చూడ్డానికి ఆవిడకి వేరే మనుషులు లేరు.

మాఘమాసంలో మొగుడు హరిబాబు కామెర్లతో పోయాడు. అటువైపు ఊళ్ళల్లో, భర్త పోయిన ఆడదాన్ని పుట్టింటివాళ్ళు వచ్చి పిలిచి తీసుకెళ్ళి, ఒక రాత్రి తమ ఇంట్లో పడుకోబెట్టి పంపాలి. దాన్ని నిద్ర అంటారు. అది అయ్యేదాకా ఆవిడ ఇంకెవరి గడపా తొక్కకూడదు. పాపాయికి పుట్టింటివాడంటే ఒక్క అన్న, అప్పాజీ. జంగారెడ్డిగూడెం అవతల జీడితోటలో ఉంటాడు. పెద్దకర్మ రోజున ఆయన ఎక్కిన బస్సు దారిలో ఆగిపోయింది. పుట్టింటి చీర ముందు పెట్టాలి, కానీ వేళ దాటిపోతోందని ఇక్కడివాళ్ళు కంగారుపడి ఆడపడుచు తెచ్చిన చీర కప్పేశారు. మధ్యాహ్నం వచ్చిన అప్పాజీ ఆ చీర చూశాడు. చేతిలో సంచి కింద పెట్టలేదు, మంచినీళ్ళు తాగలేదు, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. పాపాయి ఐదో తరగతి అక్షరాలతో మూడు కార్డులు రాసింది. ఒక్కదానికీ జవాబు లేదు.

పుట్టింటి నిద్ర కాకుండా మేమెలా పిలుస్తామని మిగతా చుట్టాలు ఊరుకున్నారు. పిలవకుండా వెళ్తే ఆ ఇంటికి కీడని పాపాయే భయపడింది. అన్నకి ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్ళకి ఏ చిన్న జ్వరం వచ్చినా తన కాలి వల్లే అనిపిస్తుంది. అందుకని వీధి తలుపు వైపు వెళ్ళేది కాదు. వంటిల్లు, పెరడు, మళ్ళీ వంటిల్లు. బోరింగు నుంచి వెనక గోడకి ఇరవై రెండు అడుగులు. గోడ అవతల కాలవగట్టు మీద బస్సు వెళ్తున్న చప్పుడు వినిపిస్తే, అది పాలకొల్లు వెళ్తోందో పాలకొల్లు నుంచి వస్తోందో చెప్పగలిగేది.

బావగారు చంద్రరావు, అంటే హరిబాబు అన్న, చెడ్డవాడు కాదు. అరటి తోటల మనిషి, రావులపాలెం మార్కెట్టుకి గెలలు వేస్తాడు. మరదలు ఇంట్లో ఉంటే వేళకి అన్నం దొరుకుతోంది, తన భార్య సత్యవతికి నడుంనొప్పి తగ్గింది. జంగారెడ్డిగూడెం వెళ్ళి అప్పాజీకి నచ్చజెప్పి రమ్మని పక్కింటి మాణిక్యాంబ గారు రెండుసార్లు అన్నారు. వెళ్తానండీ అంటాడు గానీ ఎప్పుడూ ఏదో కోత, ఏదో కూలీల గొడవ.

మాణిక్యాంబ గారు పురోహితుల ఇంటి పెద్దావిడ. ఆచారం విషయంలో ఆ వీధిలో ఆవిడ మాటే ఆఖరు.

పాపాయికి ఉన్న ఒక్క వ్యాపకం కెమెరా. హరిబాబు, ఆయన స్నేహితుడు ఆశీర్వాదం కలిసి పాలకొల్లులో ఫొటో స్టూడియో నడిపేవారు. ఇప్పుడు ఆశీర్వాదం ఒక్కడే నడుపుతున్నాడు. ప్రతి గురువారం మోపెడ్ మీద వచ్చి, పెరటి గోడ మీదుగా కెమెరా అందిస్తాడు. పెళ్ళికో ఓణీల ఫంక్షన్‌కో తీసిన రీలు చివర మూడో నాలుగో ఫొటోలు మిగులుతాయి. రీలు పూర్తి కాకుండా కడగడం ఎందుకని అవి పాపాయికి వదిలేస్తాడు. శనివారం వచ్చి కెమెరా పట్టుకెళ్తాడు. మళ్ళీ గురువారానికి ఆవిడ ఫొటోలు ఆవిడకి తెచ్చిస్తాడు.

ఆ పెరట్లో పిట్టని ఫొటో తీస్తే, పిట్ట వెనక పెరడు పడదు. ముందురోజు ఆ పిట్ట ఎక్కడ వాలిందో ఆ చోటు పడుతుంది. హరిబాబు ఉన్న రోజుల నుంచీ అంతే. వీధిలో వాళ్ళకి అదొక సదుపాయం. సత్యవతి ఇత్తడి బిందె పోతే, గోరింక ఫొటోలో అది రెండిళ్ళ అవతల తులసికోట పక్కన కనిపించింది. వెళ్ళి తెచ్చుకుంది. పొలం గట్టు తెగిందా, కూతురి అత్తారింట్లో వడ్లు ఎండబోశారా అని చూసుకోవడానికి ఎవరో ఒకరు వచ్చి, ఫలానా పిట్టని తియ్యమ్మా అని అడిగి వెళ్ళేవాళ్ళు. మనుషులు రావడం మానేసిన పాపాయి గడప మీదికి పిట్టల పని మీద మాత్రం అందరూ వచ్చేవాళ్ళు.

దసరా వెళ్ళింది. వానలు వెనకబట్టాయి. పొద్దున్నే అరటాకుల మీద మంచు నిలుస్తోంది, గాలి పొడిగా తగులుతోంది. దూరం పిట్టలు దిగే కాలం. ముందుగా తోకాడిస్తూ కాటుకపిట్ట వచ్చింది. దాన్ని తీస్తే వెనక ఉప్పు పోసినట్టు తెల్లగా ఓ కొండ, బొచ్చు టోపీ పెట్టుకున్న ముసలాడు పడ్డారు. ఒక్క రోజులో అంత దూరం ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. అక్కడ వరి లేదు కదా అని సత్యవతి పక్కన పడేసింది.

ఆ గురువారం ఆశీర్వాదం కెమెరా ఇచ్చి వెంటనే వెళ్ళలేదు. గోడకి అవతల నిలబడి, మోపెడ్ అద్దం తుడుస్తూ చెప్పాడు. స్టూడియోలో ఆడపిల్లలు తన ముందు బిగుసుకుపోతున్నారట. పెళ్ళిచూపుల ఫొటో తీస్తే ఏడుపు మొహాలు పడుతున్నాయట. "నువ్వైతే వాళ్ళు నవ్వుతారు చెల్లెమ్మా. హరిబాబు కూర్చునే స్టూలు అలాగే ఉంచాను. కానీ దీపావళి దాటితే ముహూర్తాలు మొదలవుతాయి. అప్పటికి నువ్వు రాలేకపోతే వేరే మనిషిని పెట్టుకోక తప్పదు" అన్నాడు.

దీపావళికి పదిహేడు రోజులుంది. పాపాయి కెమెరాలో ఎన్ని మిగిలాయని మాత్రం అడిగింది. మూడు అన్నాడు.

ఒకటి సత్యవతికి పోయింది. వాళ్ళ అమ్మగారి ఊరి నుంచి వచ్చే పికిలిపిట్ట ఒకటుందని ఆవిడ నమ్మకం. రెండోది వీధి చివరి రైతు అడిగితే జెముడుకాకి మీద పోయింది. మూడోది చంద్రరావు ఖరారు చేసుకున్నాడు. గోదారి మధ్య లంకలో ఆయన అరటితోట ఉంది. గోదారికి నీళ్ళొస్తున్నాయంటున్నారు. ఆ లంక నుంచి ఒక కొంగ సాయంత్రాలు వచ్చి వెనక గోడ మీద వాలుతుంది. దాన్ని తియ్యాలి.

శుక్రవారం సాయంత్రం కొంగ వచ్చింది. చంద్రరావు వంటింటి గుమ్మంలో నిలబడి, కదలకుండా కళ్ళతోనే చూపించాడు. పాపాయి కెమెరా ఎత్తింది. అప్పుడే అరటి బోదెల కింద ఎండుటాకులు చప్పుడయ్యాయి.

పొన్నంగి పిట్ట. ఆకుపచ్చ వీపు, తోక కింద ఎర్రగా కుంకం అద్దినట్టు, కళ్ళకి నల్లటి గీత. ఎక్కువ ఎగరదు, గెంతుతూ ఆకులు తిరగేస్తుంది. అది ఈ పల్లపు పిట్ట కాదు. తొలకరికి మెట్ట అడవుల్లోకి, జీడితోటల్లోకి వస్తుంది. వానలు తగ్గాక కిందికి, దక్షిణానికి వెళ్ళిపోతుంది. దారిలో ఒక పూట ఎక్కడైనా ఆగుతుంది. చిన్నప్పుడు పాపాయి, అప్పాజీ జీడిచెట్ల కింద దాని వెనక పాక్కుంటూ వెళ్ళేవాళ్ళు.

గోడ మీద కొంగ ఇంకా ఉంది. గుమ్మంలో బావగారు ఉన్నారు. పాపాయి కెమెరా కిందికి దించింది, అరటి బోదెల వైపు. నొక్కింది. రీలు గిర్రుమని వెనక్కి చుట్టుకోవడం పెరడంతా వినిపించింది. ఆ చప్పుడుకి కొంగ లేచిపోయింది.

"కొంగ పడిందా?" అన్నాడు చంద్రరావు.

"రీలు అయిపోయిందండి బావగారూ" అంది పాపాయి. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో ఆవిడ అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పకపోవడం అదే మొదలు.

గురువారం ఆశీర్వాదం ఫొటోలు తెచ్చేసరికి చంద్రరావే ముందు కవరు అందుకున్నాడు. మూడో ఫొటో అటూ ఇటూ తిప్పి చూశాడు. "లంక ఏది? ఇది ఎవరిల్లు?"

పెంకుటిల్లు. ముందు కళ్ళంలో వేరుశనగ ఎండబోసి ఉంది. దాని మధ్య అప్పాజీ నిలబడి ఉన్నాడు, ఎడం చెయ్యి పైకెత్తి. జుట్టు బాగా నెరిసింది. చూపు నేరుగా పిట్ట వైపే, అంటే ఫొటో చూసేవాళ్ళ వైపే ఉంది.

పాపాయికి ఆ చెయ్యి తెలుసు. కాయల మీదికి కోళ్ళు వస్తే అన్న అలాగే తోలుతాడు. చిన్నప్పుడూ అంతే, మోచెయ్యి వంచకుండా.

కరివేపాకు కోసం వచ్చిన మాణిక్యాంబ గారు ఫొటో తీసుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుని చాలాసేపు చూశారు. "పాపాయీ, మీ అన్నయ్య పిలుస్తున్నాడే" అన్నారు.

"పిలవడమేంటండీ, పిట్టని తోలుతున్నాడు" అన్నాడు చంద్రరావు.

"తోలేవాడు చెయ్యి విదిలిస్తాడయ్యా. ఇందులో విదిలింపు ఎక్కడుంది, చూపించు."

చంద్రరావు నిజంగానే వెతికాడు. ఫొటోలో చెయ్యి ఉంది గానీ విదిలింపు లేదు.

"ఎడం చేత్తో ఎవరైనా పిలుస్తారాండీ?" అన్నాడు మళ్ళీ.

"కుడి చేతిలో తట్ట ఉంది కదయ్యా. తట్ట పారేసి పిలవమంటావా? వచ్చి పిలవడానికి మొహం చెల్లక అక్కణ్ణుంచే పిలిచాడు. పుట్టింటి పిలుపు వచ్చాక ఆడదాన్ని ఆపితే ఆ దోషం ఎవరికో నీకు తెలుసు." ఆవిడ ఫొటో పాపాయి చేతిలో పెట్టి, కరివేపాకు కోసుకోవడానికి వెళ్ళిపోయారు.

రేపు వంట ఎవరు చేస్తారని సత్యవతి లోపలి నుంచి గొణిగింది. ఆశీర్వాదం గోడ అవతల నుంచి కదల్లేదు. చివరికి చంద్రరావు, తాడేపల్లిగూడెం బస్సు పొద్దున్నే ఉందని, తానే ఎక్కిస్తానని అన్నాడు. పాపాయి తల ఊపింది. నోరు విప్పితే కోళ్ళ సంగతి బయటికి వచ్చేస్తుందేమోనని ఇంకేమీ మాట్లాడలేదు.

తెల్లారి పాపాయి ఎనిమిది నెలల తరవాత వీధి గడప దాటింది. తాడేపల్లిగూడెంలో బస్సు మారింది. పల్లం వరిచేలు అయిపోయి ఎర్రమట్టి మొదలైంది. పామాయిల్ తోటలు, పొగాకు మడులు దాటాయి. అన్న పిల్లలు గుర్తొచ్చి రెండుసార్లు దిగిపోదామనుకుంది. రెండుసార్లూ బస్సు ఆగలేదు.

జీడితోట బాటలో నడిచి కళ్ళం దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పాజీ వేరుశనగ మూటలు కడుతున్నాడు. తలెత్తి చూశాడు. ఇద్దరి మధ్యా ఒక గంపెడు కోళ్ళు తిరుగుతున్నాయి.

"ఎవరు రమ్మన్నారు?" అన్నాడు.

పాపాయి సంచిలోంచి ఫొటో తీసి ఇచ్చింది. "నువ్వే అన్నయ్యా" అంది.

అప్పాజీ ఫొటో చూశాడు. తన చెయ్యి చూసుకున్నాడు. కాయల మధ్య తిరుగుతున్న కోళ్ళని చూశాడు. ఆయనకి తెలిసిపోయిందని పాపాయికి తెలిసింది. తిరుగు బస్సు ఎన్ని గంటలకో కండక్టరుని అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. గుమ్మంలో చిన్నపిల్లలిద్దరూ వచ్చి నిలబడ్డారు. వాళ్ళ వెనక వదిన.

అప్పాజీ ఫొటోని జాగ్రత్తగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"పిలిచి వారం దాటింది" అన్నాడు. "ఇంతసేపా రావడం?"

పెళ్ళాన్ని కాళ్ళకి నీళ్ళివ్వమని, నడవలో కొత్త చాప పరవమని చెప్పి, మళ్ళీ మూట కట్టడానికి వంగాడు. ముడి మాత్రం చాలాసేపటిదాకా పడలేదు.