బెల్లం దారి, దుమ్ము దారి

నేను ఒక రాయి కోసే యంత్రాన్ని. గ్రానైటైనా, మార్బులైనా, బాత్రూము టైలైనా నా చక్రం ముందు నిలబడదు. గొప్పలు పోతున్నాననుకోకండి, కరీంనగర్‌లో ఏ మేస్త్రీనడిగినా ఇదే చెబుతాడు. ఫ్యాక్టరీ వాళ్లు నన్ను తెలివిగానే పుట్టించారు. చక్రం పక్కన సన్నటి నీళ్ల గొట్టం బిగించారు. కోత మీద నీళ్లు పడుతుంటే దుమ్ము లేవదు. నన్ను కొన్న కొమురయ్య మేస్త్రీ మొదటి రోజే ఆ గొట్టాన్ని ఊడబీకి పారేశాడు. చేతికి అడ్డమట! డబ్బు పోసి కొన్న వస్తువులో తన ప్రాణం కాపాడే ముక్కనే మనిషి ముందుగా ఎందుకు పీకేస్తాడో నాకిప్పటికీ అర్థం కాదు.

కొమురయ్య మంచి పనిమంతుడు. తలుపులు మూసిన గదుల్లో పొడిగానే కోసేవాడు. సాయంత్రానికి కనురెప్పలు కూడా తెల్లబడేవి. కాంట్రాక్టరు జలంధర్‌కు దయ ఎక్కువ. పని దిగగానే తలా ఒక బెల్లం ముక్క పంచేవాడు.

"తినుండ్రి, దుమ్మంత కడుపులకు దిగిపోతది" అనేవాడు.

బెల్లం దిగే దారి వేరు, దుమ్ము దిగే దారి వేరు అని చెబుదామంటే నాకున్నది నోరు కాదు, మోత. ఆ బెల్లాన్నే నమ్ముకుని కొమురయ్య దగ్గి దగ్గి మంచం పట్టాడు. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుంది, ఇక పోదు అన్నాడు డాక్టరు. చివరికి మనిషే పోయాడు. నేను అతని తమ్ముడు పోశం చేతికొచ్చాను.

పోశం కూడా అన్న లాగే పొడిగా మొదలుపెట్టాడు. కొన్నాళ్లకే దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు నేనెరిగినదే. నాకు భయం వేసింది. దేవుడి దయ, పోశానికి కూడా వేసింది. బజారుకెళ్లి కొత్త గొట్టం తెచ్చి నాకు బిగించాడు. అది చూసి జలంధర్ మండిపడ్డాడు.

"గోడలకు పుట్టీ పెట్టినం గదరా పోశం! అంత బురద చేస్తవా? మూతికి రుమాలు కట్టుకొని కొయ్యి. సాయంత్రం బెల్లమిస్త గద!"

పోశం గొంతు పెంచలేదు. "సరే సార్. ఒక్క టైలు పొడిగనే కోస్త. మీరు గూడ రుమాలు కట్టుకొని నా పక్కన నిలబడుండ్రి."

నలుగురిలో వెనక్కి తగ్గడం నామోషీ అనిపించి జలంధర్ రుమాలు కట్టుకుని నిలబడ్డాడు. పోశం తలుపు మూశాడు. నేను శక్తికొద్దీ అరిచాను. టైలు సగం తెగకముందే జలంధర్ తలుపు కోసం తడుముకున్నాడు. బయట గోడ పట్టుకుని దగ్గుతుంటే అతని మీసాలు తెల్లగా ఉన్నాయి.

"మా అన్న ఏండ్లకేండ్లు గిట్లనే నిలబడ్డడు సార్" అన్నాడు పోశం.

జలంధర్ మర్నాడు బాల్కనీలో కోత బల్ల వేయించాడు. నీళ్ల డ్రమ్ము, ముఖానికి బిగుతుగా పట్టే మాస్కులు, షాకు కొట్టబోతే కరెంటు ఆపేసే స్విచ్చుబోర్డు వచ్చాయి. బెల్లం మాత్రం మానలేదు. మందు కాకపోతేనేం, తీపి తీపే కదా!

తడి పనితో నా ఆయుష్షు తరిగింది. తుప్పు లోపలికి పాకి మోటారు కాలిపోయింది. ఇవాళ పాతసామాన్ల కొట్టులో తక్కెడ ఎక్కాను.

"నీళ్లల్ల నాన్చి పాడు చేసినవ్. పొడిగ కోస్తే ఇంకొన్నేండ్లు నడుస్తుండె" అన్నాడు కొట్టువాడు.

"దీనికి తుప్పు పడితే ఇంకోటి కొంట" అన్నాడు పోశం.

నాకేమీ బాధ లేదు. ఊపిరి ఉన్నవాడు కొత్త యంత్రం కోసం బజారుకెళ్లాడు.