మావయ్య తోమిన బండ

సూపరింటెండెంటుగారింటికి ఎవరైనా వస్తున్నారంటే ముందు సోఫా కవర్లు మారతాయి, తర్వాత ఆయన బనియను మారుతుంది. అలాంటి ఇంటికి ఆ ఆదివారం మేనకోడలి ప్రొఫెసరమ్మ వస్తోంది.

మేనకోడలు వాళ్ళింట్లోనే ఉండి పరిశోధన చేస్తోంది. "మా అమ్మాయి సైంటిస్టు" అని సూపరింటెండెంటుగారు ఆఫీసులో చెబుతారు. "దేంట్లో సార్?" అంటే, "సముద్రంలో" అంటారు. అంతకు మించి ఆయనకూ తెలియదు, అడిగినవాళ్ళకూ అక్కర్లేదు.

ఇంటి వెనక రోడ్డు దాటితే సముద్రం. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు బండలు బయటపడతాయి. వాటిలో ఒకదాని మీద అమ్మాయి ఇనుప జాలీతో పంజరం బిగించింది, నత్తలు లోపలికి రాకుండా. నత్తలు పాచిని గీరి తింటాయి కాబట్టి తక్కిన బండలన్నీ నున్నగా ఉంటాయి. పంజరంలో మాత్రం పాచి ఒత్తుగా పెరిగింది. అందులో నువ్వుగింజంత రొయ్యల్లాంటివి, వెంట్రుకంత పురుగులు, గోరంత కూడా లేని ఆల్చిప్ప పిల్లలు కాపురాలు పెట్టాయి. ఏడాదిగా అమ్మాయి భూతద్దంతో వాటి బాగోగులు చూస్తోంది. ప్రొఫెసరమ్మ కళ్ళారా చూసి సరేనంటేనే థీసిస్ కదిలేది.

పొద్దున్నే అమ్మాయి ఆవిణ్ణి తీసుకురావడానికి స్టేషనుకు వెళ్ళింది. ఈలోగా సూపరింటెండెంటుగారు బండ దాకా వెళ్ళి చూసి హడలిపోయారు. అందరి బండలూ శుభ్రంగా ఉన్నాయి. తమ అమ్మాయిదే పాచిపట్టి ఉంది.

పరుగున ఇంటికొచ్చి బకెట్టూ బ్రష్షూ తీశారు.

"ఏమండీ, బాత్రూము కడుగుతారా?" అంది భార్య, నమ్మలేక.

"బాత్రూము తర్వాతే. ముందు పరువు."

మరలు విప్పి, పంజరం పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని బండను తళతళలాడేలా తోమారు. పంజరం మళ్ళీ బిగించి, తడిగుడ్డతో దాన్నీ తుడిచారు.

వచ్చినవాళ్ళిద్దరూ బండ ముందు నిలబడ్డారు. సూపరింటెండెంటుగారు చేతులు కట్టుకుని మెచ్చుకోలు కోసం ఎదురుచూశారు.

"మావయ్యా... దీన్నెవరు కడిగారు?"

"నేనేరా తల్లీ. పెద్దవాళ్ళు చూడ్డానికొస్తుంటే అలా వదిలేస్తావా? పిచ్చిపిల్ల."

"అదే నా పని మావయ్యా! ఆ పాచే! ఏడాది!"

ఆయన ముఖం పాలిపోయింది. "మరి చెప్పొద్దూ, పాచి పెంచుతున్నానని? నీకు కడిగే తీరిక లేదేమో అనుకున్నా."

అమ్మాయి బండ మీదే కూలబడి ఏడ్చింది. ప్రొఫెసరమ్మ మాత్రం పంజరం తీయించి, వంగి, వేలితో రాయి తడిమి చూసింది.

"ఎంత గట్టిగా తోమారండీ?"

"నా శక్తికొద్దీ మేడమ్."

"బాగా తోమారు." ఆవిడ అమ్మాయి వైపు తిరిగింది. "ఏడాది ఎలాగూ పోయింది. ఖాళీ అయిన రాయి మీదికి ముందు ఎవరొచ్చి చేరతారో చూడు, అదీ పనికొస్తుంది. కానీ ఒక్క బండతో తేలదు. ఇంకొన్ని ఇలాగే తోమాలి. అదే చెయ్యి, అదే బలం. మనిషి మారితే లెక్క తప్పుతుంది."

అలా సూపరింటెండెంటుగారు పరిశోధనలో చేరారు. నీళ్ళు తగ్గినప్పుడల్లా ఆఫీసుకు సెలవు పెట్టి, మోకాళ్ళకు గుడ్డలు చుట్టుకుని తోమారు. "ఆ మూల వదిలేశావు మావయ్యా" అనేది మేనకోడలు, వెనక నుంచుని. ఇంట్లో ఎవరి మాటా వినని మనిషి ఆ మూలకు జరిగేవాడు.

తోమడాలన్నీ అయిపోయి, కొన్ని వారాలు గడిచాక ఇద్దరూ బండల దగ్గరికి వెళ్ళారు. అమ్మాయి భూతద్దం పెట్టి చూసి ఊపిరి బిగబట్టింది. రాయి మీద గసగసాలంత తెల్లటి గుల్లలు, కొత్తగా అంటుకున్నవి.

"వచ్చేశాయి మావయ్యా!"

సూపరింటెండెంటుగారు కళ్ళజోడు పైకి తోసి చూశారు. నొచ్చుకున్నారు.

"అయ్యో, మరకలు పడ్డాయే. ఉండు, ఒక్క నిమిషం, తుడిచేస్తా."

అమ్మాయి ఆయన రెండు చేతులూ పట్టుకుని, అలా పట్టుకునే ఇంటి దాకా నడిపించుకుపోయింది.